గచ్చు కింద మట్టి

నాకు తెలియని నూనె లేదు. ఇరవై ఆరేళ్ళుగా చేపల చెరువుల మీద నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాను. దింపిన ఆయిలు రెండు వేళ్ళ మధ్య రాసి, ఒకసారి వాసన చూసి, ఆ ఇంజన్ ఎంతకాలం నడిచిందో, దాని యజమాని ఎంత పిసినారో కూడా చెప్పగలను. అలాంటివాణ్ణి, మా షెడ్డు వెనక స్థలం బేబీరాణి గుప్పెడు నల్లమట్టి పట్టుకొచ్చి "ఇదేం నూనె అన్నయ్యగారూ?" అని అడిగితే, వాసన చూసి మరీ అబద్ధం చెప్పాను.

నిరుడు ఎండాకాలం ఆ అబద్ధం నా చేతులతో నేనే బయటపెట్టవలసి వచ్చింది. ఇష్టంగా చేశానని చెప్పను.

మా షెడ్డు దెందులూరు దగ్గర, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఉంది. ఇల్లు షెడ్డుని ఆనుకునే. వెనక ఉన్నది బేబీరాణికి వాళ్ళమ్మ ఇచ్చిన ఎనిమిది సెంట్లు. అందులో గోంగూర, చుక్కకూర, తోటకూర వేసి, తెల్లారేసరికి కట్టలు కట్టి, మొదటి బస్సులో ఏలూరు తీసుకెళ్ళేది. ఆమె గోంగూర కోసం అక్కడ రెండు వీధులవాళ్ళు ఎదురుచూసేవారు. భర్త సత్తియ్య కొల్లేటి లంక మనిషి. ఒకరి చేపల చెరువు మీద కాపలా ఉంటాడు.

దానికి నాలుగేళ్ళ ముందు, చింతలపూడి వైపు నుంచి వచ్చిన పామాయిల్ ట్యాంకరు ఒకటి మా షెడ్డు దాటగానే రోడ్డు దిగి పడిపోయింది. ఊరంతా బిందెలతో పరిగెత్తింది. ఆ నెలంతా మా ఇంట్లో కూడా గారెలు వేగాయి, దాచడమెందుకు. కొంత నూనె కాలువ వెంట పారి బేబీరాణి మడుల్లోకి చేరింది. ఆ పంట పోయింది. అంతవరకు నిజం.

అదే ఏడు అక్టోబరులో ముసురు పట్టి, ఎనిమిది రోజులు మా షెడ్డు చుట్టూ మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. షెడ్డు వెనక, రేకు మూత కింద, పని కుర్రాళ్ళకి తప్ప ఇంకెవరికీ పట్టని గొయ్యి ఒకటి నాకు ఉండేది. ఇంజన్లలోంచి దింపిన పాత ఆయిలు ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే పోసేవాణ్ణి. నీళ్ళు ఆ గోతిలో ఉన్నదంతా పైకి తేల్చి బేబీరాణి స్థలంలోకి తోసేశాయి. నీళ్ళు తీసిన రోజు పొద్దున ముందు చూసింది నేనే. మడులన్నీ నల్లగా మెరుస్తున్నాయి. ఆ వారంలోనే గొయ్యి పూడ్చి, పైన సిమెంటు గచ్చు చేసేశాను. ఎవరైనా అడిగితే ఇంజన్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

సంక్రాంతి వెళ్ళాక బేబీరాణి మట్టి పట్టుకొచ్చింది. రెండుసార్లు విత్తనం చల్లినా ఒక్క మొలకా రాలేదట.

"ట్యాంకరు నూనేనమ్మా. లోపలికి దిగిపోయింది" అన్నాను.

మేస్త్రి మాట కదా, ఆమె నమ్మింది. ఆమె నమ్మింది కాబట్టి ఊరూ నమ్మింది. బేబీరాణి నోట 'అండీ' లేకుండా మాట రాదు. పిల్లిని అదిలించినా నెమ్మదిగా అదిలిస్తుంది. అలాంటి మనిషి, చేపలు ప్యాకింగు చేసేచోటికి కూలికి పోతూ, రోజూ పొద్దున ఆ స్థలం దగ్గర ఆగి ట్యాంకరు డ్రైవరుని తిట్టిపోసేది. వాణ్ణి, వాడి పెళ్ళాం పిల్లల్ని కలిపి కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లికి అప్పజెప్పేది. ఆ టైముకి నేను ఏదో ఒక ఇంజన్ స్టార్టు చేసి పెట్టుకునేవాణ్ణి. ఇంజన్ చప్పుడులో ఎవరి మాటా వినపడదు.

మా కోడలు శాలిని జనవరిలో కాపురానికి వచ్చింది. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చదివింది. ఏలూరులో చెరువుల మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. మా అబ్బాయి అనిల్ తాడేపల్లిగూడెంలో పని చేస్తాడు, పొద్దున రైలుకి వెళితే సాయంత్రం వస్తాడు. అందుచేత ఆ అమ్మాయి ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది మా ఆవిడ ప్రసన్నకుమారితోనూ నాతోనూ. మాట మెత్తన. కాని ఒక విషయం పట్టుకుంటే వదలదు. నాకు అలాంటివాళ్ళంటే మొదటినుంచీ కొంచెం భయం.

మార్చి మొదట్లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, శాలిని బేబీరాణి స్థలంలో కూర్చుని మట్టి తవ్వుతోంది. బేబీరాణి పక్కన కూర్చుని చూస్తోంది. సత్తియ్య కూడా ఉన్నాడు.

"ఇక దీన్ని వదిలేద్దామనుకుంటున్నామండి బావగారూ" అన్నాడు సత్తియ్య నన్ను చూసి. "లారీలు పెట్టుకోడానికి ఒకాయన అడుగుతున్నాడండి. గ్రావెల్ తోలించుకుంటానన్నాడు. ఈ వానలకి కూడా మొలక రాకపోతే ఇచ్చేస్తామని చెప్పేశానండి."

"మీరు చెప్పారండి, నేను చెప్పలేదు" అంది బేబీరాణి. "గ్రావెల్ పడితే ఇక నేలేంటండి అది. మా అమ్మ మొహం మీద పోసినట్టు ఉంటదండి నాకు."

శాలిని లేచి చేతులు దులుపుకుంది. "వానల దాకా టైముంది కదండి పిన్నిగారూ. ఒకసారి ప్రయత్నం చేద్దామా? నేలలో కంటికి కనపడని జీవులుంటాయండి. కొన్నింటికి నూనె తిండే. కాకపోతే ఒట్టి నూనె తినలేవు. గాలి ఆడాలి, తడి ఉండాలి, కొంచెం ఎరువు పడాలి."

"అన్నం లేకుండా ఒట్టి పచ్చడి తినమంటే మనం తినలేం, అలాగాండి?"

"అచ్చంగా అలాగేనండి."

ఆ రోజు మధ్యాహ్నం నాకు కూర వడ్డిస్తూ శాలిని అంది: "అది పామాయిల్ కాదండి మావయ్యగారూ. పామాయిలైతే రెండు వానాకాలాలకే పోవాలి. నేలలో జీవులు దాన్ని తేలిగ్గా తినేస్తాయి. ఇది ఇంజన్ ఆయిల్లా ఉంది."

"లారీ పడినప్పుడు దాని ఇంజన్ ఆయిలు కారలేదా?" అన్నాను. అనవసరంగా గట్టిగా అన్నాను.

"కారి ఉంటుందండి" అని ఇంకో గరిటె వేసింది. ఒక లారీ ఇంజన్లో పట్టే ఆయిలు ఎంతో నాకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది.

పని మొదలైంది. పాడైనది ఆమె మడులు వేసే షెడ్డు వైపు నాలుగు సెంట్లు, మిగతా నాలుగూ రాళ్ళనేల. పవర్ టిల్లరు అడిగి తెచ్చి జానెడు లోతు దున్నించాం. తరిగిన వరిగడ్డి, పేడనీళ్ళు, కొంచెం యూరియా, కొంచెం సూపరు ఫాస్ఫేటు కలిపి నాలుగు మడులు కట్టాం. ఎండ నేరుగా తగలకుండా పైన కొబ్బరాకులు పరిచాం. రోజూ సాయంత్రం నీళ్ళు చిలకరించాలి. నాలుగు రోజులకోసారి పారతో అంతా తిరగెయ్యాలి. తిరగేసే పని నేను తీసుకున్నాను. మా ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇంట్లో మంచినీళ్ళ బిందె ఎత్తని మనిషి ఊళ్ళోవాళ్ళ మట్టి ఎత్తుతున్నాడేమిటని నవ్వింది. ఆ పని చేస్తుంటే నాకు రాత్రి నిద్ర పట్టేది. నేల బాగుపడిపోతే ఇక చెప్పవలసిన అవసరమే ఉండదని నా లెక్క.

శాలిని పరీక్ష మాకు కూడా అర్థమయ్యేలా చేసేది. గాజుసీసాలో చెంచాడు మట్టి, నీళ్ళు పోసి బాగా ఊపి ఎండలో పెట్టేది. కాసేపటికి పైన రంగురంగుల పొర తేలేది. మార్చిలో ఆ పొర వేలితో తియ్యగలిగినంత మందం. ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాటికి చూస్తే బాగా పలచబడింది. పళ్ళెంలో ఆ మట్టి వేసి ఇరవై మెంతిగింజలు చల్లితే ఆరు మొలిచాయి. బేబీరాణి ఆ పళ్ళెం వారం రోజులు ఇంట్లో దేవుడి పటం కింద పెట్టుకుంది. మా ఆవిడ శుక్రవారం స్త్రీల కూటంలో ఆ నేల పేరు చెప్పి స్తుతి చెల్లించింది.

ఈస్టర్ వారంలో శాలిని పుట్టింటికి వెళ్ళింది. నేను గణపవరంలో ఒక చెరువు మీద ఇంజన్ విప్పి అయిదు రోజులు అక్కడే ఉండిపోయాను. మడులు చూసే బాధ్యత సత్తియ్య తీసుకున్నాడు.

సత్తియ్య మంచివాడు. జీవితమంతా చెరువుల మీద గడిపినవాడు. చెరువు కొత్త పంటకి తయారు చెయ్యాలంటే ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నీళ్ళు తీసేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టాలి. బ్లీచింగ్ కొట్టి ఉన్న పురుగూ పుట్రా చంపెయ్యాలి. అప్పుడు కొత్తనీళ్ళు పెట్టి మంచి మందు కలపాలి. మా మడులు ఎప్పుడు చూసినా తడిగా ఉండటం అతనికి మొదటినుంచీ నచ్చలేదు. చదువుకున్న పిల్ల, చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఎవరూ లేని ఆ వారంలో కొబ్బరాకులు తీసేశాడు, నీళ్ళు ఆపేశాడు, నెర్రెలిచ్చాక వాళ్ళ యజమాని చెరువు దగ్గర మిగిలిన బ్లీచింగ్ తెచ్చి నాలుగు మడులకీ సమంగా కొట్టాడు.

సోమవారం శాలిని వచ్చేసరికి మడులు తెల్లగా ఉన్నాయి. సత్తియ్య గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు.

"మొత్తం శుభ్రం చేసేశానండి అమ్మాయిగారూ. ఇక మీ మందు పొయ్యండి. ఎలా పనిచెయ్యదో చూద్దాం."

శాలిని వంగి గుప్పెడు మట్టి తీసింది. వాసన చూసింది. మేము ఆరు వారాలుగా పెంచింది ఆ పురుగునేనని సత్తియ్యకి ఎలా చెప్పాలో ఆ అమ్మాయికి తోచలేదు. చివరికి బేబీరాణే అడిగింది.

"చచ్చిపోయాయాండి?"

"చాలామటుకు పోయాయండి పిన్నిగారూ."

సత్తియ్య గట్టు మీద కూలబడ్డాడు. బేబీరాణి అతన్ని ఒక్క మాట అనలేదు. వెళ్ళి నీళ్ళ బిందె తెచ్చి మడుల మీద చల్లడం మొదలుపెట్టింది. చల్లుతూ చల్లుతూ ట్యాంకరు డ్రైవరుని తిట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ అంత మాట అనగా వినలేదు. ఆ రోజు దగ్గర్లో నేను స్టార్టు చెయ్యడానికి ఇంజనూ లేదు. అంతా విన్నాను.

సాయంత్రం ఇంట్లో శాలిని లెక్క వేసింది. బ్లీచింగ్ ఘాటు పోవడానికి తడిపి తిరగేస్తే పది పన్నెండు రోజులు. తర్వాత మళ్ళీ మొదలు. పేడలో ఉన్నవాటితో మొదలుపెడితే వానల్లోపు కాదు.

"ఏళ్ళ తరబడి ఇంజన్ ఆయిలు పడిన నేల ఎక్కడైనా ఉంటే బాగుండునండి" అంది. "అక్కడున్న జీవులకి అదే తిండి అలవాటైపోయి ఉంటుంది. ఆ మట్టి పది పదిహేను బుట్టలు తెచ్చి కలిపితే చాలు, తోడు వేసినట్టు అందుకుంటుంది. మన షెడ్డులో ఎక్కడైనా ఉందాండి మావయ్యగారూ?"

"మనదంతా గచ్చు కదమ్మా" అన్నాను.

ప్రసన్నకుమారి బట్టలు మడతపెడుతూ "గచ్చేనమ్మా, కడుక్కోడానికి బాగుంటుందని వేయించారు" అని వంత పాడింది. పాపం, ఆవిడకేం తెలుసు.

"నేను తెస్తానులే ఎక్కణ్ణుంచైనా" అన్నాను.

పన్నెండు రోజులు మడులు తడిపి తిరగేసి, బ్లీచింగ్ ఘాటు పోయాక, రెండు ఖాళీ గోతాలు పట్టుకుని తాడేపల్లిగూడెం రైలెక్కాను. అక్కడ ఫణికిరణ్ అని నా దగ్గర పని నేర్చుకున్నవాడున్నాడు. ఇప్పుడు సొంత షెడ్డు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. విషయం చెప్పాను, అంటే చెప్పగలిగినంత చెప్పాను. వాడు వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. రెండు నీలం డ్రమ్ములు, మూతలు బిగించి ఉన్నాయి.

"దింపిందల్లా వీటిల్లోనే పోస్తామండి మేస్త్రిగారూ. నెలకోసారి పాత ఆయిలు కొనేవాళ్ళొచ్చి పట్టుకుపోతారు. మా దగ్గర నేల మీద చుక్క పడదండి."

నేల చూశాను. నిజమే. నా ఇంట్లో అన్నం పళ్ళెం పెట్టే చోటు కూడా అంత బాగుండదు.

"అయినా మీకు నా దగ్గరికి రావలసిన అవసరం ఏంటండి?" అన్నాడు వాడు టీ గ్లాసు అందిస్తూ. "మన షెడ్డు వెనకాల గొయ్యి లేదాండి? నేనున్న మూడేళ్ళూ రోజూ బకెట్టు తీసుకెళ్ళి పోసింది నేనే గదండి. అంతకన్నా పాత మట్టి జిల్లాలో దొరకదండి."

"పూడ్చేశాను."

"పూడిస్తే మాత్రం మట్టి ఎక్కడికి పోద్దండి?" అని నవ్వాడు. వాడి మనసులో ఏమీ లేదు. నేను టీ గ్లాసు కింద పెట్టి గోతాలు మడిచాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఖాళీ గోతాలు ఒళ్ళో పెట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పుకుని తప్పించుకోవడం నాకు చేతకాక కాదు. గూడెంలో దొరకలేదని చెబితే శాలిని మరోచోటు వెతుకుతుంది, వానలొస్తాయి, గ్రావెల్ పడుతుంది. గ్రావెల్ పడితే నా సంగతి దాని కింద ఎప్పటికీ కప్పబడిపోతుంది. ఆ ఆలోచన రాగానే నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు భయమేసింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. నా మీద నాకు భయం వెయ్యడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆరింటికి, గచ్చు మీద ఉన్న ఇంజన్లు ఒక్కొక్కటే పక్కకి జరిపాను. సమ్మెట తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. నాలుగంగుళాల గచ్చు. భయంతో వేసింది కాబట్టి గట్టిగానే వేశాను. పది దెబ్బలకి గాని బీట పడలేదు. చప్పుడికి మా ఆవిడ, శాలిని బయటికి వచ్చారు. బేబీరాణి మడుల్లో నీళ్ళు చల్లుతున్నదల్లా బిందె దించి వచ్చింది.

"ఏవండీ, ఏమైందండీ మీకు?" అంది ప్రసన్నకుమారి.

చెప్పలేక ఇంకా కొట్టాను. పెచ్చు లేవదీశాను. పైన పూడ్చిన ఎర్రమట్టి జానెడు. దాని కింద పార దిగేసరికి నల్లగా, ముద్దగా, వాసన గుప్పుమంది. నాకు అలవాటైన వాసనే.

బేబీరాణి ముందుకు వచ్చి కూర్చుంది. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత తన స్థలం వైపు చూసింది. గచ్చుకీ మడులకీ మధ్య పది అడుగులు కూడా లేవు.

"ఇది మీదాండి?"

"నాదేనమ్మా. ఆ ముసురుకి నీళ్ళతో పాటు నీ దాంట్లోకి వచ్చింది. ట్యాంకరుది కాదు."

"అప్పుడు నేనడిగినప్పుడు మీకు తెలుసాండి?"

"తెలుసు."

ఆమె చేతిలో మట్టి అలాగే పట్టుకుని ఉంది. శాలిని నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి బుట్ట తెచ్చింది. గొయ్యి అంచుల వెంట చూపించి, "ఇటు పక్క తవ్వండి మావయ్యగారూ. బాగా ముద్దగా ఉన్నది వద్దు. ఎండ రాకముందే కలిపెయ్యాలి" అంది. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. పని ఉంది.

నేను తవ్వాను. శాలిని నింపింది. బేబీరాణి చేతిలోది బుట్టలో వేసి, చెంగు చుట్టకుదురు చేసుకుని బుట్ట నెత్తికెత్తుకుంది. పద్నాలుగు బుట్టలు మోసింది. ఒక్కసారి కూడా నన్ను ఎత్తమనలేదు. మా ఆవిడ ఎత్తింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ప్రసన్నకుమారి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ప్రతి శుక్రవారం ఆ నేల కోసం ప్రార్థన చేశానండి. వర్షం వచ్చి మన వరండాలో కూటం పెట్టినప్పుడల్లా మీరు పక్కన కుర్చీలో కూర్చుని ఆమెన్ అన్నారు."

నేను తల దించుకున్నాను.

"అలా ఎలా అనగలిగారండి?" అంది. దెబ్బలాటకి కాదు, నిజంగానే అడిగింది. ఇప్పటికీ అడుగుతుంది అప్పుడప్పుడు.

తర్వాత రెండు నెలలూ పని ఆగలేదు. నాలుగు రోజులకోసారి మడులు తిరగేశాను. నేను వెళ్ళేసరికి బేబీరాణి అక్కణ్ణుంచి వెళ్ళిపోయేది. ఏదైనా కావాలంటే మా ఆవిడతో చెప్పేది. సత్తియ్య ఒక్కడే నాతో మాట్లాడేవాడు, అతను కూడా బ్లీచింగ్ సంగతి తలుచుకుని కాబోలు. ఊళ్ళో తెలిసింది. ఇంజన్లు తగ్గలేదు, మనుషులు తగ్గారు. ఇదివరకు పని లేకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళు రావడం మానేశారు. నేను కూడా రెండు డ్రమ్ములు తెచ్చి మూతలు బిగించి పెట్టాను. అది చూసి ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవాలని ఎదురుచూసిన మాట మాత్రం నిజం.

జూన్ చివరికి సీసాలో పొర వెతికితే తప్ప కనపడలేదు. మెంతులు ఇరవైకి పదిహేడు మొలిచాయి. తొలి వానలు పడ్డాక బేబీరాణి గోంగూర విత్తనం చల్లింది. అయిదో రోజున జంట ఆకులు లేచాయి. లారీల ఆయన వచ్చి చూసి వెళ్ళిపోయాడు. సత్తియ్య ఆయనకి చెప్పవలసింది చెప్పేశాడు.

"మొదటి రెండు కోతలూ తినొద్దండి పిన్నిగారూ, అమ్మొద్దు కూడా" అని శాలిని ముందే చెప్పింది. "ల్యాబులో చూశాక చెబుతాను. నేల లోపల ఇంకా కొంత ఉంటుంది. వచ్చే ఎండాకాలం కూడా చెయ్యాలి."

"చేద్దామండి" అంది బేబీరాణి.

మొదటి కోత అయిన రోజే, మూడు నెలల తర్వాత, ఆమె మా షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. నేను పంపు విప్పుతున్నాను. లేచి చేతులు తుడుచుకున్నాను. క్షమాపణ మాటలు చాలాసార్లు కూడబలుక్కున్నవి ఉన్నాయి. ఆమె వాటికోసం రాలేదు.

"ఆ డ్రైవరుది ఏ ఊరండి?" అని అడిగింది.

"చింతలపూడి అవతల అని విన్నానమ్మా."

"కనుక్కోండి. నేను వెళ్ళాలి." గుమ్మానికి ఆనుకుంది. "నేల సంగతి నేల సంగతండి. అది పాడైంది, బాగైంది. అతని పిల్లలకి అన్నం సహించకూడదని మొక్కానండి నేను. నాలుగేళ్ళు, రోజూ, పొద్దున్నే, స్నానం చేసి మరీ మొక్కాను. మీకు వినపడలేదాండి?"

"వినపడిందమ్మా."

"వినపడ్డాక కూడా మాట్లాడలేదు" అంది. ప్రశ్నలా కాదు. తనకి తాను చెప్పుకున్నట్టు అంది.

నాకు ఆ రోజు ఏడుపు వచ్చింది. ఆమె ముందు ఏడవడం కూడా ఒక రకం తప్పించుకోవడమేననిపించి, పంపు మీదకి వంగిపోయాను.

డ్రైవరు పేరు సత్తిరాజు. లారీల వాళ్ళని అడిగి ఊరు కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇద్దరం ఏలూరు వెళ్ళి చింతలపూడి బస్సెక్కాం. ఆమె ఆడవాళ్ళ సీట్లో, నేను వెనక. మెరక మీదకి వెళ్ళేకొద్దీ వరి పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. చింతలపూడిలో దిగి ఆటో ఎక్కాం. అంత దూరంలో ఆమె నాతో అన్నది ఒక్కటే: "ముందు మీరు మాట్లాడకండి. నేను పిల్లల్ని చూడాలి."

రేకుల ఇల్లు. ముందు వేపచెట్టు, దాని కింద మంచం మీద పదేళ్ళ పిల్ల పుస్తకం పెట్టుకుని రాసుకుంటోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

బేబీరాణి ఆ పిల్లని తలనుంచి కాళ్ళదాకా చూసింది. బుగ్గలు చూసింది. చేతులు చూసింది.

"నీ పేరేంటమ్మా?"

"హర్షిణి అండి."

"అన్నం తింటున్నావామ్మా? బాగా తింటున్నావా?"

"తింటున్నానండి" అంది పిల్ల, ఏమీ అర్థంకాక. "ఇందాకే తిన్నానండి."

"రోజూ సయిస్తందా? కడుపులో నొప్పి లాంటిదేం లేదు గదా?"

"లేదండి."

"నీ తర్వాత ఎవరైనా ఉన్నారా?"

"తమ్ముడండి. స్కూలుకెళ్ళాడు. నాకు జలుబు చేసిందని అమ్మ పంపలేదండి."

"జలుబేగా?"

"జలుబేనండి."

బేబీరాణి ఆ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆ పిల్ల కంగారుపడి "నాన్నా" అని పిలిచింది.

లోపలినుంచి ఒక మనిషి వచ్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఏడుస్తున్న ఆమెని, పక్కన నిలబడ్డ నన్ను చూశాడు.

"ఎవరండీ మీరు? ఏ ఊరండి?"

బేబీరాణి తలెత్తి నా వైపు చూసింది. మూడు నెలల తర్వాత నా మొహంలోకి చూడటం అదే మొదలు.

"దెందులూరు నుంచి వచ్చామండి" అన్నాను. "మీ ట్యాంకరు పడిన చోటు నుంచి."

అతని మొహం మారిపోయింది. పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు తిట్టడానికి గాక మరెందుకు వస్తారనుకున్నాడు.

"మీరు భయపడకండి" అన్నాను. "తప్పు నాది. చెప్పడానికి వచ్చాను."